ఎవరికి మంచి ఊరు? అమెరికా మైదాన నగరాలకు ఒక ఆదివాసీ కొలత

మన ఏజెన్సీలో మైదానం అనే మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. ఘాట్ రోడ్డు దిగితే వచ్చేది మైదానం. సంతకు ఉప్పూ గుడ్డలూ తెచ్చి, మన చింతపండును తక్కువ తూకానికి పట్టుకెళ్ళినవాడు మైదానం వాడు. అప్పిచ్చి భూమి రాయించుకున్నవాడూ మైదానం వాడే. కొండ మనది, మైదానం వాళ్ళది అనే లెక్క మన పెద్దల నోట ఎప్పుడూ వింటూనే ఉన్నాం.

అందుకే అమెరికా ఆదివాసుల చరిత్ర చదవడం మొదలుపెట్టినప్పుడు మాకు కొంత తికమక కలిగింది. ఆ దేశం నడిబొడ్డున, మిస్సోరీ నది దగ్గర మొదలై రాకీ పర్వతాల దాకా పరుచుకున్న మహా మైదానం ఉంది. అక్కడ మైదానమే ఆదివాసులది. లకోటా, షయాన్, పౌనీ, ఒమాహా, పోంకా, మాండన్, హిదాత్సా, అరికారా, కయోవా, కోమాంచీ, ఓసేజ్ ఇలా ఎన్నో జాతులు ఆ గడ్డి సముద్రంలో బతికాయి. మన పాఠాలు వాళ్ళందరినీ కలిపి 'రెడ్ ఇండియన్లు' అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. కోయ, గోండు, కొండరెడ్డి, సవర, కొండదొర అని విడివిడిగా పేర్లున్న మనల్ని ఎవరైనా 'ఏజెన్సీ వాళ్ళు' అని ఒక మూటగా కడితే మనకు ఎలా ఉంటుందో, వాళ్ళకూ అలాగే ఉంటుంది.

పాఠంలో లేని గడ్డి

సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లందరికీ ప్రేరీల పాఠం గుర్తుంటుంది. సమశీతోష్ణ గడ్డి భూములు, గోధుమ పంట, ప్రపంచ ధాన్యాగారం. పిల్లలు ఈ మూడు ముక్కలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఆ గడ్డి ఎవరిది, దాని మీద మేసిన అడవిదున్నలు ఏమయ్యాయి, గోధుమ వేయడానికి ముందు అక్కడ ఎవరున్నారు అన్న సంగతులు పాఠంలో ఉండవు.

కోట్ల సంఖ్యలో తిరిగిన అడవిదున్నలను తోలు కోసం, సరదా కోసం, ఆదివాసులను ఆకలితో లొంగదీయడం కోసం వేటాడి చంపారు. 1880ల చివరికి స్వేచ్ఛగా తిరిగే దున్నలు కొన్ని వందలు మాత్రమే మిగిలాయి. తిండి, బట్ట, గుడారం అన్నీ ఆ జంతువు మీదే ఆధారపడిన జాతులు రేషన్ కోసం సైనిక శిబిరాల ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ తర్వాత 1887లో డాస్ చట్టం వచ్చింది. జాతి మొత్తానికి ఉమ్మడిగా ఉన్న భూమిని తలా ఒక ముక్కగా పంచి, మిగిలినది 'మిగులు' అని పేరుపెట్టి వలసవచ్చిన తెల్లవాళ్ళకు తెరిచారు. 1887లో దేశం మొత్తం మీద ఆదివాసుల చేతిలో 13 కోట్ల 80 లక్షల ఎకరాలు ఉంటే, 1934 నాటికి 4 కోట్ల 80 లక్షల ఎకరాలు మిగిలాయి. ఆ పోయిన భూమి మీదుగా రైలు వచ్చింది, గోధుమ వచ్చింది, నగరాలు వచ్చాయి.

ఇప్పుడు ఆ నగరాల గురించే మనం మాట్లాడుకోబోతున్నాం. ఎందుకంటే మన పిల్లలు కూడా ఇంజనీరింగ్ చదివి, ఫోన్లో 'నివసించడానికి మంచి నగరాలు' అనే జాబితాలు చూస్తున్నారు. అమెరికా మైదాన నగరాలకు ఆ జాబితాల్లో మంచి పేరే ఉంది. ఇల్లు చవక, రోడ్ల మీద రద్దీ తక్కువ, ఉద్యోగం దొరుకుతుంది, పార్కులున్నాయి. టల్సా అనే నగరానికి వచ్చి కనీసం ఏడాది ఉంటూ, ఇంటి నుంచే వేరే ఊరి ఉద్యోగం చేసుకునేవాళ్ళకు 2018 నుంచి ఒక దాతృత్వ సంస్థ పదివేల డాలర్లు ఇస్తోంది. కొత్తవాళ్ళను డబ్బిచ్చి మరీ పిలుస్తున్నారు. ఒకప్పుడు ఆ నేల మీదున్నవాళ్ళ చేతిలో నుంచి భూమి ఎలా జారిపోయిందో తెలిసినవాళ్ళకు ఈ వార్త వేరేగా వినబడుతుంది.

మా కొలత

ఆ జాబితాలు తప్పుడు లెక్కలని మేము అనడం లేదు. అద్దె, జీతం, నేరాలు, బడి, గాలి, ఇవన్నీ కొలవాల్సినవే. మన పిల్లలు పట్నానికి వెళ్ళేటప్పుడు మనం కూడా అద్దె ఎంత అనే ముందు అడుగుతాం. కానీ ఆ లెక్క నగరం పొలిమేర దగ్గర ఆగిపోతుంది. నగరానికి సుఖం రావడానికి పొలిమేర అవతల ఎవరు ఏమి పోగొట్టుకున్నారో అందులోకి రాదు. ఎప్పుడో జరిగినదీ రాదు.

అందుకని మేము మరో నాలుగు ప్రశ్నలు వేసుకున్నాం. నగరం కింద ఉన్న భూమి ఎలా వచ్చింది? వరదా మురికీ ఎవరి వైపు మళ్ళాయి? అక్కడి నుంచి కదిలించినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ, ఎన్నేళ్ళు బతుకుతున్నారు? వాళ్ళు తిరిగి అదే నగరానికి వస్తే కోర్టు, బడి, ఆసుపత్రి, హోటలు వాళ్ళను మనిషిగా చూస్తున్నాయా? ఈ నాలుగు ప్రశ్నలతో నాలుగు నగరాలను చూద్దాం.

ఒమాహా: పేరు మాత్రం మిగిలింది

నెబ్రాస్కా రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద నగరం ఒమాహా. 2020 జనాభా లెక్కల్లో 4 లక్షల 86 వేల మంది ఉన్నారు. పెద్ద రైల్వే కంపెనీ ముఖ్య కార్యాలయం అక్కడే. ప్రపంచంలోని మహా ధనవంతుల్లో ఒకరైన వారెన్ బఫెట్ ఉండేదీ అక్కడే. తెలుగువాళ్ళు కూడా అక్కడ స్థిరపడ్డారు.

ఒమాహా అనేది ఒక ఆదివాసీ జాతి పేరు. ప్రవాహానికి ఎదురు వెళ్ళేవాళ్ళు అని ఆ మాటకు అర్థం చెప్తారు. 1854 మార్చిలో ఆ జాతి చేత ఒప్పందం మీద సంతకాలు చేయించారు. మిస్సోరీ ఒడ్డున వాళ్ళ నేల చాలావరకు ప్రభుత్వం చేతికి వెళ్ళింది. అదే ఏడాది జూలై 4న నగరం పుట్టింది. భూమి చేతులు మారడానికీ ఊరికి ముగ్గు వేయడానికీ మధ్య నాలుగు నెలల తేడా కూడా లేదు. జాతిని ఉత్తరాన వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రిజర్వేషన్‌కు పంపారు. పేరును మాత్రం నగరానికి ఉంచుకున్నారు.

న్యాయం విషయంలో ఒమాహాకు రెండు ముఖాలున్నాయి. మొదటిది మంచి ముఖం. పోంకా జాతిని 1877లో సొంత నేల నుంచి దక్షిణాదికి తోలేశారు. కొత్త చోట జబ్బులతో చాలామంది చనిపోయారు. నాయకుడు స్టాండింగ్ బేర్ కొడుకు కూడా పోయాడు. తనను సొంత నేలలో పూడ్చమని ఆ కుర్రాడు కోరాడు. 1879 జనవరి చలిలో తండ్రి కొడుకు ఎముకలు బండిలో పెట్టుకుని, ముప్పై మంది దాకా వెంట రాగా ఉత్తరానికి బయలుదేరాడు. అనుమతి లేకుండా రిజర్వేషన్ విడిచారని సైన్యం పట్టుకుంది. ఒమాహాలోని కోర్టులో విచారణ జరిగింది. ఒమాహా జాతి ఆడపిల్ల సుసెట్ లా ఫ్లెష్ ఆయనకు అండగా నిలిచింది, ఆయన మాటలను ఇంగ్లీషులో చెప్పింది. స్టాండింగ్ బేర్ చెయ్యి పైకెత్తి, తోలు రంగు వేరైనా గుచ్చితే వచ్చే నెత్తురు ఒకటేనని కోర్టుకు చెప్పాడని చరిత్రలో ఉంది. 1879 మే 12న జడ్జి ఎల్మర్ డండీ తీర్పు ఇచ్చాడు. చట్టం దృష్టిలో ఇండియన్ కూడా ఒక మనిషే అని ఆ తీర్పు సారం.

మనిషి మనిషే అని చెప్పడానికి కోర్టు తీర్పు కావాల్సి వచ్చింది చూడండి.

రెండో ముఖం మరుసటి ఏడాదే కనబడింది. జాన్ ఎల్క్ అనే ఆదివాసీ తన జాతిని వదిలి ఒమాహా నగరంలో స్థిరపడ్డాడు. 1880లో ఓటరుగా పేరు నమోదు చేయమని వెళ్తే అధికారి కుదరదన్నాడు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆదివాసీ జాతిలో పుట్టినవాడు ఆ దేశంలో పుట్టినా, నగరంలో ఉన్నా, దానంతట అది పౌరుడు కాలేడని 1884లో కోర్టు తేల్చింది. అంటే ఒమాహాలో ఆదివాసీ మనిషే గానీ పౌరుడు కాడు. దేశంలోని ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో గానీ రాలేదు.

ఇక వైద్యం సంగతి. సుసెట్ చెల్లెలు సూసన్ లా ఫ్లెష్ చిన్నప్పుడు రిజర్వేషన్‌లో ఒక ముసలమ్మ మంచం పక్కన రాత్రంతా కూర్చుంది. ఎన్నిసార్లు కబురు పంపినా తెల్ల డాక్టరు రాలేదు. ముసలమ్మ తెల్లారేలోగా చనిపోయింది. ఆ పిల్ల 1889లో వైద్య పట్టా అందుకుని, అమెరికా ఆదివాసీ స్త్రీలలో మొదటి డాక్టరు అయింది. తిరిగి తన వాళ్ళ దగ్గరికే వచ్చింది. 1913లో రిజర్వేషన్‌లోని వాల్ట్‌హిల్ ఊళ్ళో ఆసుపత్రి కట్టించింది. అందులో తెల్లవాళ్ళకూ వైద్యం చేసింది. నగరం తమ దాకా రాకపోతే ఒక ఆడపిల్ల చదువుకుని వచ్చి ఊరి దగ్గరే ఆసుపత్రి నిలబెట్టింది. మన గురుకులాల్లో చదివే ఆడపిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పాలి.

రాపిడ్ సిటీ: ముట్టుకోని డబ్బు

దక్షిణ డకోటా రాష్ట్రంలో నల్ల కొండల అంచున రాపిడ్ సిటీ ఉంది. జనాభా 75 వేలకు దగ్గర. పక్కనే నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన రష్‌మోర్ కొండ ఉంది కాబట్టి పర్యాటకులకు కొదవ లేదు. నగరం వీధి మూలల్లో కూడా అధ్యక్షుల కంచు బొమ్మలు నిలబెట్టారు.

ఆ కొండలను లకోటాలు 'హే సాపా' అంటారు. మనకు కొండదేవత ఎలాగో, వాళ్ళకు ఆ కొండలు అలాగ. 1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందం ఆ కొండలు లకోటాలవేనని రాసింది. వయసొచ్చిన మగవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది సంతకం చేస్తే తప్ప ఆ భూమి ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదని కూడా రాసింది. 1874లో కస్టర్ సైన్యం వెళ్ళి అక్కడ బంగారం ఉందని చెప్పింది. గనుల కోసం జనం ఎగబడ్డారు. 1876లో రాపిడ్ సిటీ వెలిసింది. అంటే కాగితం మీద లకోటాల భూమిగా ఉన్నప్పుడే ఊరు పుట్టింది. 1877లో ఆ కొండలను లాక్కుంటూ చట్టం చేశారు. సంతకాలు పెట్టినవాళ్ళు పదింట ఒక వంతు మంది మాత్రమే. రేషన్ ఆపేస్తామని బెదిరించి పెట్టించిన సంతకాలు అవి.

లకోటాలు దశాబ్దాల పాటు కోర్టుల్లో పోరాడారు. 1980లో సుప్రీంకోర్టు ఆ భూమిని అన్యాయంగా తీసుకున్నారని ఒప్పుకుంది. కోటి 71 లక్షల డాలర్లు అసలు, వంద ఏళ్ళ వడ్డీ కలిపి పది కోట్ల డాలర్లు దాటిన పరిహారం ఖరారైంది. లకోటాలు తీసుకోలేదు. కొండలు అమ్మకానికి పెట్టలేదు, డబ్బు ముట్టుకుంటే అమ్మినట్టే అన్నారు. ఆ సొమ్ము ఖజానాలోనే పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది. ఈ రోజుకీ ముట్టుకోలేదు.

వాళ్ళు కలిగినవాళ్ళు కాబట్టి వద్దన్నారని ఎవరూ అనుకోవద్దు. రాపిడ్ సిటీకి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో పైన్ రిడ్జ్ రిజర్వేషన్ ఉంది. అది ఉన్న జిల్లా ఆ దేశంలోని అతి పేద జిల్లాల్లో ఒకటి. 2014 లెక్కలతో చేసిన ఒక అధ్యయనంలో అక్కడ పుట్టిన బిడ్డ సగటున 67 ఏళ్ళు బతుకుతుందని తేలింది. అప్పుడు దేశపు సగటు 79 ఏళ్ళు. పన్నెండేళ్ళ ఆయువు తేడా. నగరాల జాబితాలో ఈ పన్నెండేళ్ళకు గడి లేదు.

నగరం లోపల కూడా చూద్దాం. 1898లో రాపిడ్ సిటీలో ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వం హాస్టల్ బడి పెట్టింది. జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా చదివించిన బడులు అవి. 1933లో దాన్ని మూసేశారు. తర్వాత అక్కడ క్షయ ఆసుపత్రి నడిచింది. బడికి చెందిన దాదాపు 1,200 ఎకరాల సంగతి 1948 చట్టం తేల్చింది. నగరానికి, బడుల శాఖకు, సైనిక దళానికి, చర్చిలకు, అవసరంలో ఉన్న ఇండియన్లకు ఇవ్వవచ్చని అందులో రాశారు. వరసలో ముందున్నవాళ్ళకు అందింది. చివర రాసినవాళ్ళకు అందలేదు. ఆ భూమిలో తమ వాటా ఏదని ఆ ఊరి ఆదివాసీ కుటుంబాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. ఆ బడిలో చనిపోయిన పిల్లల పేర్లు పాత రికార్డుల్లో వెతికి తీసి, వాళ్ళ కోసం ఏటా నడక చేస్తున్నాయి.

2022లో ఆ నగరంలోనే ఒక హోటల్ వాళ్ళు ఆదివాసులను లోపలికి రానివ్వబోమని బాహాటంగా ప్రకటించారు. కేంద్ర న్యాయశాఖ వాళ్ళ మీద కేసు వేయాల్సి వచ్చింది. మన నాలుగో ప్రశ్న పాత కాలానిది కాదని దీంతో తెలుస్తుంది.

బిస్మార్క్: నీళ్ళు ఎటు మళ్ళాయి

ఉత్తర డకోటా రాజధాని బిస్మార్క్. మిస్సోరీ ఒడ్డున శుభ్రంగా, నెమ్మదిగా ఉండే నగరం. జనాభా దాదాపు 74 వేలు. నది అవతలి ఒడ్డున ఉన్న ఊరి పేరు మాండన్. అదీ జాతి పేరే. మాండన్, హిదాత్సా, అరికారా జాతులు వేటగాళ్ళు మాత్రమే కాదు, మంచి రైతులు కూడా. నది పక్క నేలలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొద్దుతిరుగుడు పండించి చుట్టుపక్కల జాతులకు ఇచ్చేవారు. ఆ పొలాలు ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో ఉండేవి.

1943లో మిస్సోరీకి వరదలు వచ్చాయి. దిగువన ఒమాహా దాకా నష్టం జరిగింది. ఒమాహాలోని సైనిక ఇంజనీర్ల కార్యాలయంలో కర్నల్ లూయిస్ పిక్ నదికి వరస ఆనకట్టల పథకం గీశాడు. 1944లో దానికి ఆమోదం వచ్చింది. దిగువ నగరాలకు వరద భయం పోతుంది, కరెంటు వస్తుంది. మరి నీళ్ళు ఎక్కడ నిలవాలి? ఆదివాసుల రిజర్వేషన్లలో.

గారిసన్ ఆనకట్ట కింద ఆ మూడు జాతుల ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్‌లో లక్షా యాభై వేల ఎకరాలకు పైగా మునిగింది. కొండవాలు బీడు మునగలేదు. నది పక్క పంట నేల మునిగింది. సుమారు 325 కుటుంబాలు, అంటే ఆ జనంలో ఐదింట నాలుగు వంతుల మంది, ఊళ్ళు వదిలారు. 1948లో ఆ భూమి ఇచ్చే ఒప్పందం మీద వాషింగ్టన్‌లో సంతకాలు జరుగుతున్నప్పుడు జాతి మండలి నాయకుడు జార్జ్ జిలెట్ చేత్తో ముఖం కప్పుకుని ఏడుస్తున్న ఫొటో ఒకటి ఉంది. పక్కన కోట్లు వేసుకున్న అధికారులు సంతకం వైపు చూస్తుంటారు. పోలవరం ముంపు కింద ఊళ్ళు ఖాళీ చేసిన మన కోయ, కొండరెడ్డి పెద్దలకు ఆ ఫొటో చూపిస్తే ఏ దేశానిదని అడగరు, ఏ ఊరిదని అడుగుతారు.

1953లో ఆనకట్ట పూర్తయింది. ఎల్బోవుడ్స్ అనే వాళ్ళ ముఖ్యమైన ఊరు, అందులోని ఆసుపత్రి, బడి నీళ్ళలో కలిశాయి. ఆ ఆసుపత్రికి బదులు సరైన ఆరోగ్య కేంద్రం రావడానికి యాభై ఏళ్ళు దాటింది. ఆ జలాశయానికి హిదాత్సాల మధ్య బతికిన సకాకవియా అనే స్త్రీ పేరు పెట్టారు. ఊళ్ళను ముంచి, ఆ ఊళ్ళ ఆడమనిషి పేరు నీళ్ళకు పెట్టారు.

ఇదే కథ 2016లో మరోసారి వచ్చింది. ఉత్తర డకోటా ముడి చమురును తీసుకెళ్ళే గొట్టపు మార్గానికి మొదట బిస్మార్క్ ఎగువన ఒక దారి కూడా పరిశీలించారు. నగరానికి నీళ్ళిచ్చే బావుల ప్రాంతం దగ్గరవుతుందన్నది ఆ దారిని వదిలేయడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. చివరికి స్టాండింగ్ రాక్ రిజర్వేషన్‌కు కొంచెం ఎగువన నది కింద నుంచి గొట్టం వేశారు. ఆ రిజర్వేషన్ ప్రజలు తాగేదీ ఆ నది నీళ్ళే. నీళ్ళే ప్రాణం అంటూ వందల జాతుల వాళ్ళు అక్కడ గుడారాలు వేసుకుని, గడ్డకట్టే చలిలో నెలల తరబడి కూర్చున్నారు. గొట్టం ఆగలేదు, 2017లో చమురు పారింది. అయితే నగరానికి పనికిరాని ప్రమాదం రిజర్వేషన్‌కు ఎలా పనికొస్తుందనే ప్రశ్న మాత్రం ప్రపంచమంతా విన్నది.

టల్సా: చెరగని గీత

ఓక్లహామా అంటే చొక్టా భాషలో ఎర్ర మనుషులు. ఆ రాష్ట్రంలో రెండో పెద్ద నగరం టల్సా. 4 లక్షల 13 వేల జనాభా. మస్కోగీలు, అంటే క్రీక్ జాతి వాళ్ళు, అలబామా నుంచి తరిమేస్తే దారిలో వేలమందిని పోగొట్టుకుని 1836లో ఇక్కడికి చేరారు. వెంట తెచ్చిన పొయ్యి బూడిదను ఒక ఓక్ చెట్టు కింద పోసి కొత్త నిప్పు రాజేశారు. ఆ చెట్టు టల్సా నగరంలో నేటికీ ఉంది. ఊరి పేరు కూడా వాళ్ళ పాత ఊరి పేరు నుంచి వచ్చిందే.

1898 కర్టిస్ చట్టంతో వాళ్ళ ఉమ్మడి భూమి కూడా ముక్కలైంది. తలా 160 ఎకరాలు వచ్చాయి. 1905లో టల్సా దగ్గర గ్లెన్ పూల్‌లో చమురు పడింది. అప్పటి నుంచి ఆ ముక్కల మీద కన్నుపడింది. చమురు ఉన్న భూమి ఆదివాసీ పిల్లల పేరు మీద ఉంటే, కోర్టులు వాళ్ళకు సంరక్షకులను నియమించేవి. సంరక్షకుల్లో చాలామంది ఆ పిల్లల భూమినీ డబ్బునీ తినేశారు. ఏంజీ డెబో అనే చరిత్రకారిణి ఈ దోపిడీని పేర్లతో సహా పుస్తకంగా రాసింది. సొంత రాష్ట్రంలోని విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ భయపడి వెనక్కు తగ్గింది. 1940లో ఆ పుస్తకం ప్రిన్స్‌టన్‌లో అచ్చయింది. చరిత్ర రాసేవాళ్ళకు అదొక పాఠం. చమురు సొమ్ముతో టల్సాలో ఎత్తైన భవనాలు లేచాయి. అదే నగరంలో 1921లో తెల్ల మూకలు గ్రీన్‌వుడ్ అనే నల్లవాళ్ళ పేటను ఒక రాత్రి, ఒక పగలులో తగలబెట్టాయి. ముప్పై ఐదు వీధి గళ్ళు బూడిదయ్యాయి.

అయితే టల్సా కథలో మరో మలుపు ఉంది. భూమి ముక్కలు చేశారు, 1907లో రాష్ట్రం ఏర్పాటు చేశారు, కానీ మస్కోగీ రిజర్వేషన్‌ను రద్దు చేస్తున్నామని పార్లమెంటు ఎక్కడా రాయలేదు. నూరేళ్ళకు పైగా అందరూ అది పోయిందనే అనుకున్నారు. 2020 జూలై 9న సుప్రీంకోర్టు మెక్‌గర్ట్ కేసులో ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు మరోవైపుగా తీర్పు ఇచ్చింది. రాసిన మాట చెరపనంత వరకు అది ఉన్నట్టే అని చెప్పింది. నేరాల విచారణకు సంబంధించినంత వరకు ఆ గీత ఇప్పటికీ ఉంది. టల్సాలో పెద్ద భాగం మస్కోగీ రిజర్వేషన్‌లోనే ఉంది. ఎవరి ఇల్లూ ఖాళీ చేయించలేదు, ఎవరి పట్టా రద్దు కాలేదు. కానీ జాతి కోర్టుకూ పోలీసులకూ పాత బలం తిరిగి వచ్చింది. నేడు మస్కోగీలు సొంత ఆసుపత్రులు నడుపుతున్నారు. 2021లో టల్సాలోనే ఒక పెద్ద ఆసుపత్రి భవనాన్ని కొన్నారు. దానికి ఆ ఓక్ చెట్టు పేరే పెట్టుకున్నారు.

నాలుగూ పక్కపక్కన పెడితే

ఈ నాలుగు నగరాల్లో అద్దె, జీతం, పార్కులు పెద్ద తేడాగా ఉండవు. భూమి ప్రశ్న దగ్గర కూడా నాలుగూ ఒకటే, ఆదివాసీ నేల మీద వెలిసినవే. తేడా వచ్చేది మిగతా ప్రశ్నల దగ్గర. ఒమాహా మనిషి అని ఒప్పుకుని ఓటు ఇవ్వలేదు. రాపిడ్ సిటీ పక్కన కోర్టు తప్పు ఒప్పుకున్నా భూమి తిరిగి రాలేదు. బిస్మార్క్ దగ్గర నష్టం నీళ్ళతో పాటు రిజర్వేషన్ వైపు పారింది. టల్సాలో చాలా పోయినా, చెరపని ఒక్క వాక్యం జాతికి కోర్టు, ఆసుపత్రి, గొంతు మిగిల్చింది.

దీనిలో మాకు కనబడింది ఇది. ఆదివాసీకి ఒక నగరం బతకదగిన ఊరు అవుతుందా లేదా అన్నది చట్టంలో అతని జాతికి ఎంత చోటు మిగిలింది అన్నదాని మీద ఆధారపడుతుంది. అందం, జీతం తర్వాతి మాట. పట్నం వద్దు, అడవిలోనే ఉండండి అని మేము చెప్పడం లేదు. అమెరికా ఆదివాసుల్లో సగానికి పైగా ఇవాళ రిజర్వేషన్ల బయటే ఉన్నారు. నగరాల్లో చదువుతున్నారు, కోర్టుల్లో వాదిస్తున్నారు. పట్నానికి వెళ్ళినా జాతి హక్కు కాగితాన్ని వదలకూడదని వాళ్ళ అనుభవం చెప్తోంది. లకోటాల 1868 ఒప్పందం, మస్కోగీల ఒప్పందం వందేళ్ళ తర్వాత కోర్టులో నిలబడ్డాయంటే, వాళ్ళ పెద్దలు వాటిని మరచిపోకుండా పిల్లలకు చెప్తూ వచ్చారు కాబట్టే.

మన ఊరికి అదే కొలత

మనకూ అలాంటి కాగితాలు ఉన్నాయి. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు, 1/70 చట్టం, 1997 సమతా తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం. వీటిలో ఎన్ని మన పదో తరగతి పిల్లలకు తెలుసు? ప్రేరీల పాఠం చెప్పే రోజున టీచర్లు ఒక చిన్న పని పెట్టవచ్చు. మీకు దగ్గరలో ఉన్న పట్టణాన్ని తీసుకోండి. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు, సీతంపేట, ఏదైనా సరే. పిల్లలను నాలుగు గుంపులు చేసి, ఈ నాలుగు ప్రశ్నలు ఒక్కో గుంపుకు ఇవ్వండి. సంత జరిగే స్థలం ఎవరిదో ముసలివాళ్ళను అడగమనండి. బజారులో కొట్లు ఎవరి పేరు మీద ఉన్నాయో, ఆసుపత్రిలో మన భాష తెలిసినవాళ్ళు ఉన్నారో లేరో రాసుకు రమ్మనండి. పెద్దలు చెప్పింది తారీఖు వేసి నోటు పుస్తకంలో రాయించండి.

మాలో ఒకరం ఈ వ్యాసం చిత్తుప్రతి ఇంట్లో చదివినప్పుడు, పక్కన కూర్చుని విస్తరాకులు కుడుతున్న అమ్మ లకోటాల డబ్బు సంగతి విని చేతిలో పుల్ల ఆపింది. "అంత డబ్బూ వద్దన్నారా? అయితే ఆ కొండ ఇంకా వాళ్ళదే" అంది. రాపిడ్ సిటీ గురించి ఇంతకంటే సూటిగా మేము రాయలేకపోయాం.